డేవిడ్ హువాంగ్ పరిశోధన: రెటీనాను చూడటం నుంచి కొలవడం దాకా

అక్షగోళం (చర్చ ప్రారంభం)

1851లో హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోప్‌ను ప్రకటించిన నాటి నుంచి బతికున్న మనిషి కంటి లోపలి భాగం వైద్యులకు కనబడుతూనే ఉంది. 1961లో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు ఫ్లోరసీన్ రంగును రక్తంలోకి ఎక్కించి రెటీనా (కంటి వెనుక గోడనున్న, కాంతిని గ్రహించే పొర) రక్తనాళాల ఫొటోలు తీసే పద్ధతిని ప్రచురించారు. అయితే ఈ రెండు మార్గాల్లోనూ రెటీనాను ఎదురుగా నిలబడి చూడవలసిందే తప్ప, దానిలోని పొరలను, వాటి మందాన్ని అడ్డంగా కోసినట్టుగా చూడాలంటే ప్రాణం పోయాక తీసిన కంటిని సూక్ష్మదర్శిని కింద పెట్టడం మినహా దారి లేకపోయింది.

1991 నవంబరులో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఒక చిన్న వ్యాసంతో ఆ పరిస్థితి మారడం మొదలయింది. ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ, అంటే ఇప్పుడు అందరం ఓసీటీ అంటున్న పరీక్షకు ఆ పేరు పెట్టింది ఆ వ్యాసమే. దాని పదకొండు మంది రచయితలలో మొదటి పేరు డేవిడ్ హువాంగ్‌ది. హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపే కార్యక్రమంలో ఆయన అప్పటికి వైద్యవిద్యను, పీహెచ్‌డీని ఒకేసారి చేస్తున్న విద్యార్థి మాత్రమే.

ఆయన ప్రభావాన్ని అంచనా వేయాలంటే బహుమతుల జాబితా చూస్తే సరిపోదని నా అభిప్రాయం. వైద్యుడి గదిలో ఏ నిర్ణయం ఎలా మారిందన్నదే అసలు కొలత. ఈ విషయం మీద పని చేస్తున్నవారు, చదివినవారు, ఈ పరీక్ష చేయించుకున్నవారు కూడా తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

---

కాంతిగణితం

మొదట పద్ధతి గురించి కొంత చెప్పుకుంటే తరువాతి చర్చకు ఆధారం ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో ధ్వని లోపలికి వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. అదే పని కాంతితో చేయబోతే చిక్కు వస్తుంది. కణజాలంలో పది మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) తేడాను గుర్తించాలంటే వంద ఫెమ్టోసెకన్ల (సెకనులో లక్ష కోట్ల వంతులో పదో వంతు) కంటే తక్కువ కాలవ్యవధిని పట్టుకోవాలి. ఏ ఎలక్ట్రానిక్ గడియారమూ అంత వేగంగా పనిచేయదు. ఎంఐటీలోని జేమ్స్ ఫుజిమోటో ప్రయోగశాల అసలు ఫెమ్టోసెకండ్ లేజర్లకు పేరుపడ్డది. హువాంగ్ అక్కడ చేరినప్పుడు కూడా ఆ లేజర్ స్పందనలతోనే (పల్సులతోనే) కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర), రెటీనా మందాలను కొలిచే ప్రయత్నం సాగుతోంది.

దాన్ని పక్కన పెట్టి వ్యతికరణం (రెండు కాంతి తరంగాలు కలిసినప్పుడు ఒకదాన్నొకటి పెంచడం లేదా తగ్గించడం) మీద ఆధారపడటమే మలుపు. తక్కువ సంబద్ధత ఉన్న, అంటే తరంగాల వరుస కొద్ది దూరానికే చెదిరిపోయే కాంతిని రెండుగా చీల్చి, ఒకదాన్ని కంటిలోకి, మరొకదాన్ని కదిలే అద్దం వైపు పంపుతారు. ఆ రెండూ నడిచిన దూరాలు దాదాపు సమానమైనప్పుడు మాత్రమే తిరిగివచ్చిన కాంతిలో వ్యతికరణం కనబడుతుంది కాబట్టి, అద్దం ఎక్కడ ఉందో తెలిస్తే ఆ కాంతి ఏ లోతు నుంచి వచ్చిందో తెలిసినట్టే. 830 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఇరవై నానోమీటర్ల వర్ణపట వెడల్పు ఉన్న కాంతిని వాడితే లెక్క ప్రకారం గాలిలో పదిహేను మైక్రాన్ల స్పష్టత వస్తుంది. అప్పటి పరికరం పనిచేసింది కూడా ఇంచుమించు ఈ స్థాయిలోనే.

నా దృష్టిలో ఇందులోని గొప్ప సౌలభ్యం మరొకటి ఉంది. మామూలు సూక్ష్మదర్శినిలో లోతు స్పష్టత కటకం ఎంత వెడల్పుగా కాంతిని సేకరిస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. కంటిలో ఆ వెడల్పును కంటిపాప నిర్ణయిస్తుంది. దాన్ని మందు వేసి పెద్దది చేసినా ఒక హద్దు దాటదు. అందువల్ల కంటి బయటి నుంచి చూసే ఏ సాధారణ పద్ధతికైనా లోతు స్పష్టత వందల మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది, రెటీనా మొత్తం మందమే మూడు వందల మైక్రాన్లకు అటూఇటూ కాగా. ఓసీటీలో లోతు స్పష్టతకు కంటిపాపతో నిమిత్తం లేదు, కాంతి వర్ణపట వెడల్పుతోనే పని. శరీరంలో మరే అవయవానికీ ఈ పద్ధతి ఇంత బాగా అమరకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: కన్ను పారదర్శకం, పొరలు సన్నం, బయటి నుంచి ఉన్న ఏకైక ద్వారం ఇరుకు.

---

పాతసంచిక

ఒక్క వ్యక్తి పేరుతో చర్చ మొదలుపెట్టడం మీద నాకు అభ్యంతరం ఉంది. వియన్నాలో అడాల్ఫ్ ఫెర్షర్ 1980ల నడిమి నుంచే తక్కువ సంబద్ధత ఉన్న కాంతితో బతికున్న కంటి పొడవును కొలుస్తున్నారు. నేడు శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటి పొడవును కాంతితో కొలిచే పరికరాల వంశమూలం అక్కడిదే. 1991 వ్యాసంలోని రెటీనా చిత్రం శరీరం నుంచి వేరుచేసిన కంటిది. దాని పక్కన ఇచ్చిన రెండవ చిత్రం గుండె ధమనిది. బతికున్న మనుషుల రెటీనా చిత్రాలు 1993లో వచ్చాయి, అదీ రెండు బృందాల నుంచి, ఒకటి ఫెర్షర్‌ది, మరొకటి ఎరిక్ స్వాన్సన్ మొదటి రచయితగా ఉన్న బోస్టన్ (హార్వర్డ్, ఎంఐటీ) బృందానిది.

బహుమతుల జాబితాలను పక్కపక్కన పెట్టి చూసినా ఈ అస్పష్టత తెలుస్తుంది. 2012లో పోర్చుగల్‌లోని షంపాలిమో ఫౌండేషన్ తన దృష్టి పురస్కారాన్ని ఓసీటీకి గాను ఫుజిమోటో, హువాంగ్, స్వాన్సన్‌లతో పాటు నేత్ర వైద్యులైన కార్మెన్ పులియాఫిటో, జోయెల్ షూమన్‌లకు ఇచ్చింది. 2017లో రస్ ప్రైజ్ ఆ వైద్యులిద్దరినీ వదిలి ఫెర్షర్, హిట్జెన్‌బెర్గర్ అనే వియన్నా శాస్త్రవేత్తలను చేర్చింది. 2023లో లాస్కర్ పురస్కారం రెండు వర్గాలనూ వదిలి ఫుజిమోటో, హువాంగ్, స్వాన్సన్ ముగ్గురితో సరిపెట్టింది. ఒకే ఆవిష్కరణకు మూడు చోట్ల మూడు రకాల తండ్రులు!

---

అక్షగోళం

పాతసంచిక గారు లేవనెత్తిన అభ్యంతరం న్యాయమైనదే, కానీ ఆ మూడు జాబితాల్లోనూ ఉన్న పేర్లు ఎవరివో చూడండి. ఫుజిమోటో, హువాంగ్, స్వాన్సన్ ఏ జాబితా నుంచీ తొలగలేదు. వియన్నా పని ఒక గీత వెంబడి దూరాన్ని కొలవడం. బోస్టన్ పని ఆ గీతలను పక్కపక్కన పేర్చి చిత్రంగా మార్చడం. రెండో అడుగు కాగితం మీద చిన్నదిగా కనబడవచ్చు గానీ, వైద్యుడికి అంకె ఇవ్వడానికీ, పొరల చిత్రాన్ని ఇవ్వడానికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది.

ముగ్గురి వాటాలు కూడా ఒకే రకమైనవి కావు. స్వాన్సన్ ఎంఐటీ లింకన్ ప్రయోగశాలలో ఉపగ్రహాల మధ్య కాంతితో సమాచారం పంపే పరిశోధనలో ఉన్నవారు. ఫైబర్ ఆప్టిక్ నైపుణ్యం ఆయన వెంట వచ్చింది. ఫుజిమోటోది లేజర్ భౌతికశాస్త్రం. హువాంగ్‌కు కణజాలాన్ని చదవడమూ, కాంతి లెక్కలూ రెండూ వచ్చు. ఇలాంటి రెండు భాషలు తెలిసిన విద్యార్థి ఒకరు బల్ల దగ్గర లేకపోతే ఆ పరికరం మరికొన్నాళ్లు కొలత సాధనంగానే మిగిలేదని నేను అనుకుంటున్నాను. దీన్ని నిరూపించలేనన్నది వేరే సంగతి. ఆ తరువాత ఆయన నేత్ర వైద్యంలోనే స్థిరపడి, పోర్ట్‌లాండ్‌లోని కేసీ నేత్ర సంస్థలో పరిశోధన కొనసాగించారు.

---

రెటీనాపొర

నేను రెటీనా వ్యాధులకు చికిత్స చేసే వైద్యుడిని. ఘనత ఎవరిదన్న చర్చ చదవడానికి ఆసక్తికరంగానే ఉంది, కానీ మొదటి పోస్టులో అడిగిన ప్రశ్న, అంటే ఏ నిర్ణయం మారిందన్నది, ఇంకా అలాగే ఉంది. రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది మాక్యులాలో, అంటే రెటీనా మధ్యభాగంలో, ఏర్పడే రంధ్రం. చూపు మధ్యభాగంలో వంకర గీతలు కనబడుతున్నాయని వచ్చిన రోగిని, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌తో చూసి, అది నిజంగా రంధ్రమా, పొర సగం వరకే చినిగిందా, లేక పైన మరో పలుచని పొర ముడుచుకుని రంధ్రంలా కనబడుతోందా అన్నది తేల్చుకోవడానికి పూర్వం ఎంతో అనుభవం కావలసి వచ్చేది, అనుభవజ్ఞులకు కూడా సందేహం మిగిలేది. ఓసీటీ తెర మీద కంటి లోపలి విట్రియస్ జెల్లీ వెనుక పొర సన్నని గీతలా కనబడుతుంది. అది ఫోవియా (మాక్యులా నడిబొడ్డు) మధ్యలో అంటుకుని, మిగిలిన చోట్ల లేచి, మధ్యలోని కణజాలాన్ని ముందుకు లాగుతున్న తీరును రోగికి కూడా వేలితో చూపించవచ్చు. ఆపరేషన్ ఇప్పుడే చేయాలా, ఆ గీత తనంతట తానే విడిపోతుందేమో కొన్నాళ్లు ఆగి చూడాలా అన్న మాట ఆ చిత్రాన్ని చూశాకే వస్తుంది.

రెండవది ఇంకా పెద్ద మార్పు. వయసుతో వచ్చే మాక్యులా క్షీణతలో రక్తనాళాలు పెరిగే రకానికి కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు 2000ల నడిమి నుంచి అందుబాటులోకి వచ్చాయి. వాటిలో ఒకటైన రానిబిజుమాబ్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు దానికి ఆధారమైన పరీక్షల్లో నెలనెలా ఇంజెక్షన్ ఇచ్చారు. ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ బృందం 2007లో ప్రచురించిన ప్రాంటో అధ్యయనంలో నలభై మంది రోగులకు మొదటి మూడు నెలలు వరుసగా ఇచ్చి, ఆ తరువాత ప్రధానంగా ఓసీటీ చిత్రాన్ని బట్టి మళ్లీ ఇవ్వాలో వద్దో నిర్ణయించారు. మొదటి సంవత్సరంలో ఒక్కొక్కరికి సగటున 5.6 ఇంజెక్షన్లు సరిపోయాయి. చిన్న అధ్యయనం కాబట్టి దాని మీద ఎన్నో విమర్శలు వచ్చాయి; అవసరమైతేనే ఇద్దామన్న పద్ధతి బయటి ఆసుపత్రుల్లో చాలాసార్లు తక్కువ చికిత్సగా మారిందన్నదీ నిజమే. అయినా రోగి మళ్లీ వచ్చినప్పుడు రెటీనా కింద నీరు ఉందా లేదా అన్న ప్రశ్నతోనే సంభాషణ మొదలయ్యే అలవాటు అప్పటి నుంచి స్థిరపడిపోయింది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్రాంటోలో మళ్లీ ఇంజెక్షన్ ఇవ్వడానికి పెట్టుకున్న కారణాల్లో ఒకటి మధ్యభాగపు మందం వంద మైక్రాన్లు పెరగడం. ఆ అంకె ఒకే పరికరం మీద తీసిన రెండు చిత్రాల మధ్య తేడా అయితేనే దానికి అర్థం ఉంటుంది. స్ట్రాటస్ అనే పాత పరికరం రెటీనా కింది హద్దును కాంతిగ్రాహక కణాల మధ్య భాగంలో కనబడే గీత దగ్గర పెట్టేది. తరువాత వచ్చిన సిరస్ ఇంకా కిందనున్న వర్ణక పొర దగ్గర పెట్టింది. దాంతో ఏ జబ్బూ లేని అదే కంటికి కొత్త పరికరం యాభై మైక్రాన్లకు పైగా ఎక్కువ చూపించేది. పరికరం మార్చిన రోజుల్లో వాపు వచ్చిందేమోనని కంగారుపడ్డ రోగులకు ఈ సంగతి విడమరిచి చెప్పవలసి వచ్చింది.

---

మైనస్‌తొమ్మిది

నేను వైద్యుడిని కాదు, ఎక్కువ మయోపియా (హ్రస్వదృష్టి) ఉన్న రోగిని. ఒక కంటి క్లినిక్‌లో తీసిన ఓసీటీ నివేదికలో దృష్టి నాడి చుట్టూ ఉన్న వలయంలో రెండు భాగాలు ఎర్రగా వచ్చాయి. గ్లకోమా (దృష్టి నాడి దెబ్బతినే జబ్బు) ఉందని, వెంటనే చుక్కల మందు మొదలుపెట్టాలని అక్కడివారు చెప్పారు. కంటి ఒత్తిడి మామూలుగానే ఉంది. మరొక చోట చూపించుకుంటే ఇప్పుడే ఏమీ అక్కరలేదు, ఆరు నెలల తరువాత రమ్మన్నారు. కొలత అంటే ఒకే సమాధానం ఇవ్వాలి కదా, ఇద్దరు ఇలా ఎలా చెప్పగలిగారు?

---

నాడీతంతువు

మైనస్‌తొమ్మిది గారికి, నేను గ్లకోమా పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టును. మీ కంటి గురించి ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను, ఆ రంగుల అర్థం మాత్రం చెప్పగలను.

పరికరం దృష్టి నాడి చుట్టూ ఉన్న మీ నాడీతంతు పొర మందాన్ని కొలిచి, తన దగ్గర దాచుకున్న ఆరోగ్యవంతుల కొలతలతో పోలుస్తుంది. అదే వయసు ఆరోగ్యవంతుల్లో అట్టడుగు ఐదు శాతంలో పడితే పసుపు, అట్టడుగు ఒక్క శాతంలో పడితే ఎరుపు. అంటే జబ్బేమీ లేని ప్రతి వంద మందిలో ఒకరికి ఒక భాగం ఎర్రగా రావడం ఆ నిర్వచనంలోనే ఉంది. వలయాన్ని పన్నెండు భాగాలుగా చేసి ఒక్కొక్కదానికి విడిగా రంగు వేస్తే ఎక్కడో ఒకచోట ఎరుపు తగిలే అవకాశం ఇంకా పెరుగుతుంది.

మయోపియా ఎక్కువగా ఉన్నవారి విషయంలో మరో చిక్కు ఉంది. ఆ పోలిక కోసం సేకరించిన కళ్లలో ఎక్కువ మయోపియా ఉన్నవి సాధారణంగా ఉండవు. పొడవుగా సాగిన కంటిలో పైన, కింద ఉండవలసిన మందమైన తంతువుల కట్టలు కణత వైపు జరుగుతాయి. నివేదికలో మందాన్ని చూపే వంకర గీతను గమనించండి. రెండు శిఖరాలు తగినంత ఎత్తులోనే ఉండి, ఆకుపచ్చ పట్టీతో పోలిస్తే ప్రక్కకు జరిగి ఉంటే, శిఖరం ఉండవలసిన చోట లోయ ఉన్నట్టు లెక్కపడి ఎరుపు వస్తుంది. వైద్యులు దీన్ని 'రెడ్ డిసీజ్' అని సరదాగా అంటుంటారు. దీనికి వ్యతిరేకమైన ప్రమాదం 'గ్రీన్ డిసీజ్': మొదట్లో మందంగా ఉన్న పొర క్రమంగా పలుచబడుతున్నా ఇంకా హద్దు దాటలేదు కాబట్టి ఆకుపచ్చగానే కనబడుతుంది.

అందుకే మిమ్మల్ని ఆరు నెలల తరువాత రమ్మన్న వైద్యుడు మీ కంటిని ఇతరులతో కాక మీ పాత కొలతతోనే పోల్చాలనుకున్నారని నేను అర్థం చేసుకుంటున్నాను. దానితో పాటు విజువల్ ఫీల్డ్ పరీక్ష (చూపు ఎంత మేర విస్తరించి ఉందో చూసేది) కూడా చేయించారేమో చూసుకోండి. గ్లకోమా బాగా ముదిరిన కంట్లో నాడీతంతు పొర మందం యాభై మైక్రాన్ల దగ్గరకు వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ మిగిలేది రక్తనాళాలు, ఆధార కణజాలం. ఆ దశలో ఓసీటీ అంకె కదలదు, చూపు మాత్రం పోతూనే ఉండవచ్చు.

---

పాతసంచిక

నాడీతంతువు గారి వివరణ చదివాక నాకు ఒక సంగతి తోచింది. 1991 నాటి పద్ధతి ఒక్కటే ఉండి ఉంటే ఇలాంటి నివేదికే వచ్చేది కాదు. మొదటి వాణిజ్య పరికరం 1996లో వచ్చినా దాని అమ్మకాలు మందకొడిగానే సాగాయి. 2002లో వచ్చిన స్ట్రాటస్ కూడా సెకనుకు నాలుగు వందల గీతలే తీయగలిగేది. ఆ లోపల కన్ను కదిలితే చిత్రం అలలు తిరిగేది. అదే 2002లో పోలండ్‌లోని టోరున్‌కు చెందిన మాచెయ్ వోయిట్కోవ్‌స్కీ, వియన్నా వారితో కలిసి, అద్దాన్ని కదిపే పని లేకుండా వర్ణపటం నుంచే అన్ని లోతులను ఒక్కసారిగా లెక్కగట్టే పద్ధతితో బతికున్న రెటీనాను చిత్రించారు. ఆ పద్ధతికి బీజం వేసింది కూడా ఫెర్షరే, 1995లో. దాని సున్నితత్వం ఎన్నో రెట్లు మెరుగని 2003లో మూడు బృందాలు విడివిడిగా చూపించాయి. ఆ తరువాతే సెకనుకు ఇరవై వేలు, ముప్పై వేల గీతలు తీసే పరికరాలు వచ్చాయి. ఈరోజు మనం వాడుతున్నది బోస్టన్ ఆలోచన కంటే వియన్నా, టోరున్‌ల వేగం అని నా వాదన.

---

కాంతిగణితం

వేగం విషయంలో ఒప్పుకుంటాను. అయితే ఆ వేగం దొరికాక దానితో కొత్త పని చేయించినవారిలో హువాంగ్ మళ్లీ కనబడతారు. 2012లో యాలీ జియా మొదటి రచయితగా ఆయన బృందం ప్రచురించిన యాంజియోగ్రఫీ (రక్తనాళాలను చిత్రించే) పద్ధతిని తీసుకోండి. ఒకే చోట వెంటవెంటనే కొన్ని చిత్రాలు తీస్తే కదలని కణజాలం అన్నింటిలో ఒకేలా ఉంటుంది, రక్తకణాలు పరుగెత్తే చోట మాత్రం సంకేతం మారుతుంది. ఆ మార్పునే పటంగా గీస్తే రంగు ఎక్కించకుండా రక్తనాళాలు కనబడతాయి. ఆలోచన అంతకుముందే కొందరు ప్రయత్నించినదే. కన్ను ముందుకూ వెనక్కూ కదిలే కదలిక వల్ల వచ్చే గందరగోళం అసలు సమస్య. వర్ణపటాన్ని కొన్ని ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్క ముక్క నుంచి విడిగా లెక్కగట్టి, వాటిని సగటు చేయడం వారి ఉపాయం. ముక్క చేసినందువల్ల లోతు స్పష్టత కొంత పోతుంది, కానీ అదే కారణంగా ముందువెనుకల కదలికకు సున్నితత్వమూ తగ్గుతుంది. పైగా ఎక్కువ ముక్కల సగటు వల్ల సంకేతం శుభ్రపడుతుంది. కష్టపడి సంపాదించిన స్పష్టతలో కొంత కావాలనే వదులుకోవడం నాకు చాలా నచ్చిన భాగం.

---

రెటీనాపొర

ఆ పరీక్ష నిత్యం వాడుతున్నాను కాబట్టి కొంత చల్లబరచవలసిన బాధ్యత నాది. రంగు ఎక్కించే పాత పరీక్షలో రక్తనాళం ఎక్కడ కారుతోందో కనబడుతుంది. దీనిలో కనబడదు, ఎందుకంటే ఇది ప్రవాహాన్నే చూస్తుంది. చాలా నెమ్మదిగా రక్తం కదిలే నాళం అసలు లేనట్టే కనబడవచ్చు. పై పొరలోని నాళాల నీడలు కింది పొరల్లో నిజమైన నాళాల్లా పడతాయి. అనుభవం లేనివారు వాటిని కొత్తగా పెరిగిన నాళాలుగా చదివే ప్రమాదం ఉంది. మరోవైపు వాంతులు, అరుదుగానైనా తీవ్రమైన ఎలర్జీ తెచ్చే రంగును ప్రతిసారీ ఎక్కించలేం. నొప్పి లేని పరీక్ష అయినందువల్ల ప్రతి సందర్శనలోనూ చేయవచ్చు. లక్షణాలు ఇంకా మొదలుకాని, రెటీనా కింద నీరు చేరని నాళాల అల్లికను ముందే గుర్తించి కనిపెట్టుకుని ఉండటం దీనివల్లనే వీలయింది. వాటికి ముందుగానే చికిత్స చేయాలా అన్న దాని మీద మాలోమాకే ఏకాభిప్రాయం లేదు.

---

అక్షగోళం

రెటీనాపొర గారు పరికరాల మధ్య తేడా గురించి చెప్పినదానికి ఒక చేర్పు. 2018లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి, గూగుల్ అనుబంధ సంస్థ డీప్‌మైండ్ కలిసి 'నేచర్ మెడిసిన్'లో ప్రచురించిన కృత్రిమ మేధ వ్యవస్థను రెండు అంచెలుగా నిర్మించారు. మొదటి అంచె ఓసీటీ చిత్రాన్ని పొరలు, నీరు, ఇతర మార్పుల పటంగా మారుస్తుంది. రెండవ అంచె ఆ పటాన్ని మాత్రమే చూసి రోగిని ఎంత త్వరగా వైద్యుడి దగ్గరకు పంపాలో చెబుతుంది. పరికరం మారితే మొదటి అంచెకు మాత్రమే మళ్లీ శిక్షణ ఇస్తే చాలు. పైగా వైద్యుడు ఆ మధ్య పటాన్ని తెరచి, యంత్రం దేన్ని నీరు అనుకుందో చూసుకోవచ్చు.

---

మైనస్‌తొమ్మిది

అందరికీ కృతజ్ఞతలు. నా నివేదికలోని వంకర గీతను ఇప్పుడు చూశాను, రెండు శిఖరాలూ కణత వైపు జరిగే ఉన్నాయి. దీని అర్థం వైద్యుడే చెప్పాలని తెలుసు. ఆరు నెలల తరువాత వెళ్లేటప్పుడు నా దగ్గర ఏమేమి ఉండాలి? క్లినిక్‌లో నాకు ఇచ్చింది ఒక్క రంగుల కాగితమే.

---

నాడీతంతువు

వీలైతే మొదట తీసిన పరికరం నమూనా పేరు రాయించుకోండి, రెండవసారి కూడా అదే రకం పరికరం మీద తీయమని అడగండి. కాగితం మీద సంకేత నాణ్యత సూచించే అంకె ఒకటి ఉంటుంది. అది తక్కువగా ఉన్నా, కన్ను పొడిబారి చిత్రం మసకబారినా, పొర నిజంగా ఉన్నదానికంటే పలుచగా కొలత పడుతుంది. పరీక్షకు ముందు కన్నీటి చుక్కలు వేసుకోవడం, కొన్నిసార్లు రెప్ప ఆర్పి మళ్లీ తీయించుకోవడం మంచిది. రంగుల కాగితంతో పాటు నలుపు తెలుపుల్లో ఉండే అసలు అడ్డకోత చిత్రాలను కూడా ఇమ్మని కోరండి, ఎందుకంటే పరికరం పొర హద్దును సరిగ్గా గీసిందో లేదో వాటిని చూస్తేనే తెలుస్తుంది. విజువల్ ఫీల్డ్ నివేదిక, కంటి ఒత్తిడి, కార్నియా మందం కొలతలు, దృష్టి నాడి ఫొటో ఉంటే అవి కూడా అదే ఫైలులో పెట్టుకుని తీసుకువెళ్లండి.